కారు ఆపడం మాత్రమే వచ్చు

నా పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు. ఆ పేరు చెబితే మా వీధిలో ఎవరూ మా ఇల్లు చూపించలేరు. టైలరమ్మ అనాలి. వయసు యాభై ఎనిమిది. బట్టలు కుడతాను. ఎక్కువగా బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రివాళ్ళ కోట్లు. చనిపోయినాయన నా భర్త, రిటైరైన బస్సు డ్రైవరు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్ళం.

ఎస్సైగారూ, నేను చెప్పే మాటలు రేపు నాకే అడ్డం తిరగవచ్చని మీరు ముందే చెప్పారు. అర్థమైంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. చెబుతాను.

మా మరిది ఇచ్చిన ఫిర్యాదు చదివి వినిపించారు. అందులో ముఖ్యంగా రెండు సంగతులున్నాయి. పోయిన ఆదివారం పొద్దున నేను మా ఆయన్ని "ఆ కారు కిందే పడి చావండి" అన్నానని ఒకటి. ఆ మధ్యాహ్నం కావాలనే కారు ఆయన మీదికి తోలానని ఇంకొకటి. మొదటిది నిజం. అన్నాను. నేనే అన్నాను. వీధంతా విన్నది. రెండోది నిజం కాదు. నాకు కారు తోలడం రాదు. ఆపడం మాత్రమే వచ్చు. అదెలాగో చెబితేగాని మిగతాది మీకు అర్థం కాదు.

మా ఆయన ఉద్యోగం ఉన్నంతకాలం కంపెనీ బస్సు తోలారు. సొంతానికి సైకిలు తప్ప ఏమీ లేదు. ఆయన రిటైరయ్యే సమయానికి మిషను తొక్కీ తొక్కీ నా మోకాళ్ళు అరిగిపోయాయి. మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే బస్సెక్కాలి. ఒకరోజు మెట్టు మీద కాలు పెట్టి, పైకీ ఎక్కలేక, కిందికీ దిగలేక రాడ్డు పట్టుకుని ఉండిపోయాను. వెనక జనం తోసుకుంటున్నారు. కండక్టరు "ఎక్కుతారా లేదా అమ్మా?" అంటున్నాడు. మా ఆయన వెనకే ఉన్నారు. అన్నేళ్ళు బస్సు తోలిన మనిషి, ఆ మెట్టును అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. నెల తిరక్కుండా ఈ కారు ఇంటికి తెచ్చారు.

పాతసామాన్ల యార్డులో పడి ఉన్న డీజిలు కారు అది. వెన్నరంగు. దాన్ని గుమ్మం ముందు ఆపి, "నీ మోకాళ్ళకి ఈడూజోడూ తెచ్చాను టైలరమ్మా" అన్నారు. సీటు మాత్రం మా మంచం కంటే మెత్తన. తలుపు తీసి కూర్చోవడమే, ఎక్కేది ఏమీ లేదు. డ్రైవరు తలుపుకి లాకు వేస్తే మిగతా మూడు తలుపుల లాకులూ ఉస్సుమని వాటంతటవే పడేవి. వచ్చినవాళ్ళందరికీ అది వేసి చూపించేవారు. చూపించి నా వైపు చూసేవారు.

వానాకాలం మొదలయ్యాక దానికి ఈ జబ్బు పట్టుకుంది. తాళంచెవి తిప్పి తీసేసినా ఇంజను వెంటనే ఆగేది కాదు. ముందు కాస్తసేపు గొణిగి ఆగేది. తర్వాత తర్వాత ఇంకొంచెం ఎక్కువసేపు. ఒకరోజు డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అసలు ఆగనే లేదు. ఆసుపత్రి వాకిట్లో నేను దిగి నిలబడ్డాను, కారు డుబడుబమంటూనే ఉంది. వాచ్‌మన్ వచ్చి, "సార్, పేషెంట్లున్నారు, బండి ఆపండి" అన్నాడు. మా ఆయన జేబులోంచి తాళంచెవి తీసి చూపించి, "నేను ఆపేశానయ్యా. దానికింకా కబురందలేదు" అన్నారు. వాచ్‌మన్ వంగి కారు కింద చూశాడు. నేను నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. అంత నవ్వు నవ్వి చాలాకాలమైంది.

అలా ఎందుకవుతుందో ఇంటికొచ్చాక నాకు చెప్పారు. "నీ మిషనుకి మోటారు పెట్టించాం కదా, కరెంటు పోతే అది ఆగిపోతుంది. ఈ పాత డీజిలు ఇంజనుకి నడవడానికి కరెంటుతో పని లేదు. నూనె అందినంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అందుకని ఇంజను పక్కన గాలి లాగే పంపు ఒకటి పెట్టారు. తాళంచెవి తిప్పగానే ఆ లాగుడుకి ఒక మీట పడి నూనె ఆగిపోతుంది. ఇప్పుడు గొట్టాల్లో ఎక్కడో చిల్లు పడింది. లాగుడు చాలట్లేదు, మీట పడట్లేదు" అన్నారు. సోడా తాగే గొట్టానికి చిల్లుంటే ఎంత పీల్చినా నోట్లోకి రాదు, అలాగా అని అడిగాను. "అచ్చం అలాగే. నిన్ను వర్కుషాపులో పెట్టాల్సింది" అన్నారు.

వీధి చివర మెకానిక్కుకి చూపించమన్నాను. అతను బానెట్ ఎత్తి చూసి, "ఆ గొట్టాలన్నీ ఎవరు వెతుకుతారు బాబాయ్, పిన్నిని ఆటోలో తీసుకెళ్ళు, దీన్ని వచ్చినచోటికే పంపించెయ్" అన్నాడట. మా ఆయన మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. నేనే పట్టుకుంటానన్నారు.

ఆ చిల్లు దొరికేదాకా కారు ఆపడానికి రెండు దారులుండేవి. ఒకటి, బానెట్ ఎత్తి ఇంజను వెనకవైపున్న ఆ మీటను చేత్తో నొక్కడం. రెండోది నాకు నేర్పారు. నేను డ్రైవరు సీట్లో కూర్చుంటాను. బ్రేకు, క్లచ్ రెండూ తొక్కిపట్టి నాలుగో గేరులో వెయ్యాలి. ఆయన "వదిలెయ్" అంటే, బ్రేకు అలాగే ఉంచి క్లచ్ మాత్రం వదిలెయ్యాలి. కారు ఒక్క కుదుపు కుదిపి చచ్చూరుకుంటుంది. "ఒకటో గేరులో మాత్రం వెయ్యకు, కట్టు తెంపుకున్న దూడలా ఉరుకుతుంది" అని మరీ మరీ చెప్పారు. నేను నాలుగులోనే వేసేదాన్ని. ఆ ఆదివారం కూడా నాలుగులోనే ఉంది. మీవాళ్ళు వచ్చి చూసినప్పుడు కూడా గేరు నాలుగులోనే ఉందని రాసుకున్నారట. అది వేసింది నేనే.

ఇప్పుడు ఆదివారం సంగతి.

పొద్దున ఎనిమిదింటికి నేను కోట్లు కత్తిరిద్దామని కూర్చుంటే సుద్ద కనిపించలేదు. గుడ్డ మీద గీతలు గీసుకునే సుద్ద. చూస్తే షెడ్డులో మా ఆయన దాంతో గొట్టాల మీద గుర్తులు పెడుతున్నారు. నా రంగు సుద్దలన్నీ నూనె చేతుల్తో పట్టుకున్నారు. తెల్లకోట్ల మీద ఆ సుద్ద ఎలా పెట్టను? సోమవారానికి ఇస్తానని ఆసుపత్రివాళ్ళకి మాటిచ్చి ఉన్నాను. మోకాళ్ళు సలుపుతున్నాయి. కోపం ఆపుకోలేకపోయాను. "ఇంట్లో ఇంకో మనిషి ఉందన్న ధ్యాస ఉందా మీకు? దాంతోనే కాపురం చేసుకోండి. ఆ కారు కిందే పడి చావండి" అన్నాను. షెడ్డు రేకుల కింద మాట ఖంగుమంటుంది. ప్రహరీకి అటువైపు ఇంట్లో ఉండే వాచీల తాతగారు విన్నారు. ఆయన వాచీలు బాగుచేస్తారు, కిటికీ దగ్గరే కూర్చుంటారు. ఎదురింటివాళ్ళూ విన్నారు. వాళ్ళు మీకు చెప్పింది అబద్ధం కాదు.

తర్వాత జరిగింది వాళ్ళెవరూ వినలేదు. మెల్లగా మాట్లాడుకుంటే గోడ దాటదు కదండీ.

మా ఆయన గొట్టాలు కింద పెట్టి లేచారు. సబ్బుతో చేతులు కడుక్కుని, సుద్దల్ని ఒక్కొక్కటీ తన బనీనుతో తుడిచి తెచ్చి నా మిషను మీద పెట్టారు. ఇంకా నల్లగానే ఉన్నాయి. "ఒక్క పూట ఓపిక పట్టవే. రేపటినుంచి నిన్ను గుమ్మం ముందు దింపి, మర్యాదగా తాళంచెవి తిప్పి, మర్యాదగా ఆపుతాను" అన్నారు. నేను మొహం తిప్పుకున్నాను. కాసేపటికి షెడ్డులోంచి, "తాళంచెవి తిప్పడానికి ఒక చెయ్యి తక్కువైంది" అని వినిపించింది. లేచి వెళ్ళాను.

మా షెడ్డు నేల వీధివైపు వాలుగా ఉంటుంది. కారు మూతి గోడకి పెట్టి ఉంచుతారు. హ్యాండ్ బ్రేకు పట్టదు కాబట్టి కారు వెనక్కి జారకుండా వెనక చక్రాల వెనక, తాడుతో బండికి కట్టి ఉంచిన రాళ్ళు పెడతారు. ముందు చక్రాలకి ఏమీ పెట్టరు. అవసరం ఎప్పుడూ రాలేదు.

నేను సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పడం, ఆయన బానెట్ కింద ఒక్కో గొట్టం పీకి దాని మూతిలో బోల్టు దూర్చి మూయడం. ఏ గొట్టం మూస్తే ఇంజను మాట వింటుందో దొంగ ఆ దారిలో ఉన్నట్టు. "వెయ్" అంటే స్టార్టు చేస్తాను. "తియ్" అంటే తాళంచెవి తిప్పేస్తాను. ఇంజను ఆగదు. ఆయన మీట నొక్కి ఆపుతారు. మళ్ళీ "వెయ్", మళ్ళీ "తియ్". మీట ఎక్కడో లోపలుంది, నొక్కీ నొక్కీ ఆయన చేతి వెనకంతా కాలి ఎర్రబడింది. వెన్న రాయనా అంటే, "ముందు ఆ దొంగ వెధవ దొరకనీ" అన్నారు.

పదకొండు దాటాక దొరికాడు. పసుపు సుద్ద గుర్తున్న సన్నగొట్టం మూశారు. "తియ్" అన్నారు. తిప్పాను. ఇంజను టక్కున ఆగిపోయింది. నమ్మకం కుదరక మళ్ళీ వేశాం, తీశాం. మళ్ళీ ఆగింది. ఆయన బానెట్ పక్కనుంచి తొంగిచూశారు. మొహమంతా నూనె, పళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

ఆ గొట్టం తలుపుల లాకులకి వెళ్ళేది. గాలి లాగే ఆ పంపే ఇంజనునీ ఆపుతుందట, తలుపులకీ లాకు వేస్తుందట. వెనక ఎడమ తలుపు దగ్గర నన్ను చెవి పెట్టమన్నారు. లోపల సన్నగా బుసకొడుతోంది. తలుపు అట్ట ఊడదీసి చూస్తే, లాకుని లాగే రబ్బరు తిత్తి ఒకటి, నా బొటనవేలంత, అంచున చిరిగి ఉంది. "చూశావా, తలుపుకి చిరుగుపడితే ఇంజను ఆగనంటోంది. ఎక్కడి రోగం ఎక్కడ బయటపడిందో చూడు" అన్నారు. నేను దాన్ని చేతిలోకి తీసుకుని, రబ్బరు ముక్క దొరికితే అతుకు వేస్తానన్నాను. "నువ్వు అతుకువేస్తే అది మా ఇద్దరికంటే ఎక్కువకాలం ఉంటుంది" అన్నారు. మా ఇద్దరికంటే అంటే ఆయనా, కారూ.

పొద్దున అన్న మాటకి ఏమనుకోకండి అన్నాను. "ఏ మాట?" అన్నారు. గుర్తులేక కాదు.

అప్పటికే ఒంటిగంట కావస్తోంది. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. ఆయన ఉత్సాహం పట్టలేక, ఎలాగూ విప్పాం కదా, పంపు దగ్గర పెద్ద గొట్టం కూడా పాతబడింది, దాన్ని పీకి, అసలు లాగుడు ఎంతుందో వేలు పెట్టి ఒకసారి చూస్తానన్నారు. నన్ను మళ్ళీ సీట్లో కూర్చోమన్నారు. ఎందుకైనా మంచిదని బ్రేకు, క్లచ్ తొక్కి నాలుగో గేరులో పెట్టుకుని ఉండమన్నారు. స్టార్టు చేశాను. బానెట్ ఎత్తి ఉంది కాబట్టి నాకు ఆయన కనిపించరు. చప్పుడు బాగా ఉంది. "నా బొటనవేలు పట్టేసుకుంటోంది టైలరమ్మా! పంపు కుర్రపంపు!" అని అరిచారు. అంతసేపు క్లచ్ తొక్కిపట్టలేక నా మోకాలు వణుకుతోంది. బ్రేకు మీది కాలు కూడా రెండు మూడుసార్లు ఎత్తి మళ్ళీ తొక్కాను.

"తియ్" అన్నారు. తిప్పాను. ఆగలేదు. మళ్ళీ తిప్పాను. ఆగలేదు. మళ్ళీ.

అప్పుడు "వదిలెయ్" అని వినిపించింది. క్లచ్ వదిలేశాను.

ఎప్పుడూ ఒక్క కుదుపుతో చచ్చే కారు ముందుకి దూకింది. బ్రేకు తొక్కాను. రాయిని తొక్కినట్టుంది. నా కాలికి లొంగలేదు. కారు గోడకి కొట్టుకుని ఆగింది. ఇంజను కూడా ఆగిపోయింది. గోడకి కొట్టుకుందనే అనుకున్నాను. ఎప్పుడూ ఆయన పక్కన మడ్‌గార్డు దగ్గర నిలబడేవారు. ఆరోజు పక్కన సామాన్ల బల్ల అడ్డమని ముందునుంచి వంగారు. అది నాకు తెలియదు.

దిగి చూశాను. ఆయన నిలబడే ఉన్నారు. నడుము కింద కారుకీ గోడకీ మధ్య ఉన్నారు. అరవలేదు. నా వైపు చూసి, "వెనక్కి" అన్నారు. మళ్ళీ ఎక్కి క్లచ్ తొక్కాను. కారు కదల్లేదు. తాడుకి కట్టిన రాళ్ళు దాంతోపాటే వచ్చి వెనక చక్రాలకి ఆనుకుని ఉన్నాయి. దిగి వెనక్కి వెళ్ళి వంగాను. రాయి చక్రం కింద బిగుసుకుపోయింది. కూలబడి రెండు చేతులతో లాగాను. బండికి అటు చివరినుంచి ఆయన గొంతు వినిపించింది. "మెల్లగా... మోకాలు" అన్నారు.

ఆ మాట ఫిర్యాదులో లేదు. ఉండదు. విన్నది నేనొక్కదాన్నే.

రాళ్ళు తీసి, ఎక్కి, క్లచ్ తొక్కాను. కారు వెనక్కి జారింది. ఆయన కింద పడ్డారు. అప్పుడు నేను అరిచిన అరుపుకి వాచీల తాతగారు గోడమీదుగా తొంగిచూసి అంబులెన్సుకి ఫోన్ చేశారు. ఆలస్యం చేశానని మా మరిది రాశాడు. ఆలస్యమైంది. రాళ్ళు తియ్యడానికి పట్టిన ఆలస్యం అది. ఆయన తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. అంబులెన్సు ఆసుపత్రి గేటు దాటేలోపే పోయారని తర్వాత చెప్పారు. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలియలేదు. ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను. కాలినచోట తగలకుండా పట్టుకున్నాను.

ఆసుపత్రి వరండాలో వాచీల తాతగారు నా పక్కన కూర్చుని అన్నారు: "అమ్మాయ్, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 'వదిలెయ్ టైలరమ్మా, నేను నొక్కుతాలే' అన్నాడు మీ ఆయన. కిటికీ దగ్గర ఉన్నాను, స్పష్టంగా విన్నాను." తాళంచెవి వదిలెయ్, మీట నేను నొక్కుతాను అని ఆయన ఉద్దేశం. నాకు ఇంజను చప్పుడులో మొదటి మాట ఒక్కటే వినిపించింది. ఆ మాటకి నాకు ఆయన నేర్పిన అర్థం ఒకటే.

బ్రేకు సంగతి బండ్లు పరీక్షించే అధికారి చెప్పారు. పంపు దగ్గర పెద్ద గొట్టం పీకి ఉండటంవల్లే అప్పుడు ఇంజను ఆగలేదట, బ్రేకుకి కూడా బలమిచ్చేది ఆ గొట్టమేనట. అది ఊడితే ఒకటి రెండు తొక్కుళ్ళ దాకా బ్రేకు మామూలుగా ఉండి, తర్వాత రాయిలా అయిపోతుందట. బలమున్న మనిషి నిలబడి తొక్కితే పట్టేదేమో అన్నారు. నా కాళ్ళ సంగతి మీకు చెప్పాను. మోకాళ్ళ డాక్టరు చీటీలు మీకు ఇచ్చాను.

మా మరిది మీద నాకు కోపం లేదు. మా పెళ్ళినాటికి వాడు నిక్కర్లు తొడుక్కునేవాడు. వాటికి చిరుగులు కుట్టింది నేనే. అన్నంటే ప్రాణం. ఎవరినో ఒకరిని అనకపోతే వాడు నిలబడలేడు. శవం దగ్గర "వదినా" అని ఒక్కసారి పిలిచి, తర్వాత నా మొహం చూడలేదు. ఈ మాటలు వాడికి చదివి వినిపించడానికి వీలుంటే వినిపించండి.

పైదంతా స్టేషను రైటరుగారు నాకు చదివి వినిపించారు. ఒక్కచోట ఆపమన్నాను. గొట్టం పీకిన దగ్గర "మృతుని అజాగ్రత్త వల్ల" అని రాసి ఉంది. నేను ఆ మాట అనలేదు. కొట్టెయ్యమన్నాను. "ఆ మాట ఉంటే మీకే మంచిదమ్మా, కేసు తేలికవుతుంది" అని మీరన్నారు. మంచి మనసుతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ ఆయన డ్యూటీలో ఉన్నంతకాలం బస్సు కింద కోడిపిల్ల కూడా పడలేదు. ఎక్కడానికి ముందు చక్రాలన్నీ తట్టి చూసుకునేవారు. ఆఖరి కాగితం మీద ఆయనకి ఆ పేరు రానివ్వను. పోనీ అక్కడ ఏం రాయమంటారు అని అడిగారు. జబ్బు దొరికిందన్న సంతోషంలో అని రాయమన్నాను. కేసు కాగితాల్లో అలా రాయరన్నారు. అయితే అంత మేర ఖాళీ ఉంచమన్నాను.

ఆ ఒక్కటీ పోను మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. నా నోటితో చెప్పింది, నాకు తెలిసినంతలో నిజం. ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు.

(సంతకం) టైలరమ్మ అని రాసి, దాని కింద అసలు పేరు రాశారు.

నా ఎదుట చెప్పగా రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవడమైనది. కొట్టివేసిన మూడు మాటల పక్కన ఆమె చేత పొట్టి సంతకం చేయించడమైనది. ఆ చోటు ఆమె కోరినట్టు ఖాళీగా ఉంచడమైనది.